ఎగ్జాస్టు ద్వారా ఇంధన మిశ్రమ పరీక్ష (పాత మోటారుసైకిళ్ళు)

ఎగ్జాస్టు ద్వారా ఇంధన మిశ్రమ పరీక్ష అనగా మోటారుసైకిలు పొగగొట్టం నుండి వెలువడే పొగ రంగు, వాసన, శబ్దం, గొట్టం చివర పట్టిన మసి మొదలైనవాటిని పరిశీలించి, ఇంజనులోకి వెళ్ళే పెట్రోలు, గాలి తగిన పాళ్ళలో కలుస్తున్నవో లేదో నిర్ణయించే పద్ధతి. కార్బొరేటరు గల పాత బండ్లకు ఇది నేటికీ అవసరమైన విద్య. ఆంధ్రప్రదేశ్‌లోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు ఈ విషయాన్ని వివరించడానికి అనువైన ప్రాంతం. ఇక్కడి ఎత్తుపల్లాలు, ఎండ, దుమ్ము మూడూ మిశ్రమాన్ని మార్చగలవు. ఈ మూడు పట్టణాలు పూర్వపు అనంతపురం జిల్లాకు చెందినవి. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి.

మిశ్రమం అంటే ఏమిటి

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి అవసరం. ఇంతకంటె గాలి తక్కువైతే చిక్కని మిశ్రమం అనీ, ఎక్కువైతే పలుచని మిశ్రమం అనీ చెప్పవచ్చును. మెకానిక్కులు వీటినే రిచ్, లీన్ అంటారు. ఇంజను అత్యధిక శక్తినిచ్చేది 14.7 వద్ద కాదు, 12.5 నుండి 13 పాళ్ళ మధ్య. పొదుపుగా నడిచేది 15.5 నుండి 16 పాళ్ళ దగ్గర. అందువలన "సరియైన మిశ్రమం" అనేది ఒకే సంఖ్య కాదు. బండి ఎంత వేగంతో, ఎంత బరువుతో పోతున్నదో దానిని బట్టి మారుతుంది.

చిక్కని మిశ్రమం వలన పెట్రోలు వృథా అవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, సిలిండరు గోడ మీది నూనె కడుక్కుపోయి రింగులు, బోరు త్వరగా అరుగుతాయి. ఇవన్నీ నెమ్మదిగా జరిగే నష్టాలు. పలుచని మిశ్రమం చేసే నష్టం అలా కాదు. మంట ఆలస్యంగా, అధిక వేడితో సాగుతుంది. పిస్టను వ్యాకోచించి బోరులో పట్టుకుంటుంది, లేదా పిస్టను తలకు రంధ్రం పడుతుంది. రహదారిపై వేగంగా పోతున్నప్పుడు ఇంజను పట్టుకుంటే వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. కనుక ఈ పరీక్షలో పొరపాటు పడవలసివస్తే చిక్కని వైపుకే పడటం మేలు.

ఈ ప్రాంతపు పాత బండ్లు

పాత బండ్లలో ప్రధానమైనవి బుల్లెట్, జావా, యెజ్డీ, రాజ్‌దూత్. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955లో మద్రాసులో తయారీ ప్రారంభమైన నాలుగు స్ట్రోకుల బండి. దాని 346 సి.సి. ఇంజనుకు బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి జావా బండ్లను, 1973 నుండి యెజ్డీలను తయారుచేసి 1996లో మూతపడింది. ఎస్కార్ట్స్ సంస్థ 1962 నుండి తయారుచేసిన రాజ్‌దూత్ పోలండు దేశపు నమూనాకు చెందినది. చివరి మూడూ రెండు స్ట్రోకుల బండ్లే. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరమే కావటం వలన అక్కడి జె.సి. రోడ్డు విడిభాగాల దుకాణాలు ఈ ప్రాంతపు మెకానిక్కులకు అందుబాటులో ఉన్నవి.

రెండు స్ట్రోకుల ఇంజనును, నాలుగు స్ట్రోకుల ఇంజనును ఒకే కొలబద్దతో చూడరాదు. ఈ విషయంలో జరిగే తప్పులలో అధికభాగం దీనివల్లనే.

పొగ రంగు

నల్లని పొగ పెట్రోలు ఎక్కువైనదనుటకు గుర్తు. కాలని కార్బను కాటుక వలె బయటకు వస్తుంది. నీలిపొగ నూనె కాలుతున్నదనుటకు గుర్తు. దానికీ మిశ్రమానికీ నేరుగా సంబంధం లేదు. బుల్లెట్ వంటి బండి నీలిపొగ వదిలితే రింగులు గాని వాల్వు గైడ్లు గాని అరిగినట్లు. కార్బొరేటరును ఎంత తిప్పినా ఆ పొగ పోదు. చలికాలపు ఉదయం మొదటి రెండు మూడు నిమిషాలు కనిపించే తెల్లని పొగ వట్టి నీటి ఆవిరి. పెట్రోలు మండినప్పుడు నీరు ఏర్పడటం సహజం, గొట్టం వేడెక్కగానే అది ఆగిపోతుంది.

పలుచని మిశ్రమానికి పొగ ఉండదు. ఈ పరీక్షలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. పొగ లేకపోవటాన్ని ఆరోగ్య చిహ్నంగా భావించి సంతృప్తి పడేవారు చాలామంది. శుభ్రంగా కనిపించే ఎగ్జాస్టు వెనుక పిస్టను కాలిపోతూ ఉండవచ్చును.

మసిని వేలితో తాకి చూడటం పొగను చూడటం కంటె నమ్మదగినది. బండి చల్లారిన తరువాత గొట్టం చివర లోపలి అంచును వేలితో రుద్దవలెను. పొడిగా, మెత్తగా, పొయ్యిమీది మసి వలె రాలితే అది పెట్రోలు మసి, మిశ్రమం చిక్కగా ఉన్నట్లు. జిగటగా, మెరుస్తూ అంటుకుంటే అది నూనె. బండి ఆడుతుండగా గొట్టానికి ఒక అడుగు దూరంలో తెల్లకాగితం పట్టి చూసినా ఇదే తేడా తెలుస్తుంది: పెట్రోలు మసి పొడి చుక్కలుగా, నూనె పారదర్శకమైన మరకగా పడుతుంది.

పాత పుస్తకాలలోని బూడిద రంగు

పాత ఆంగ్ల మాన్యువళ్ళలో గొట్టం లోపలి భాగం లేత బూడిద రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లని వ్రాయబడినది. ఆ మాట ఆనాటి పెట్రోలుకు సరియైనదే. అప్పటి పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కలిపేవారు. ఆ సీసపు లవణాలు పేరుకొనటం వలననే బూడిద రంగు వచ్చేది. భారతదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్ముతున్నారు. ఈ పెట్రోలుతో సక్రమంగా నడిచే బండి గొట్టం కూడా కొంత నల్లగానే ఉంటుంది. పుస్తకం చదివి, నల్లని గొట్టాన్ని చూసి, బూడిద రంగు వచ్చేవరకు పెట్రోలు తగ్గిస్తూ పోయినవాడు చివరకు పిస్టను మార్చుకొనవలసి వస్తుంది.

గొట్టం కంటె ప్లగ్గు మెరుగైన సాక్షి. దాని పింగాణీ లేత గోధుమ రంగులో, అనగా కాల్చిన బిస్కత్తు రంగులో ఉంటే మంచిది. సున్నం వలె తెల్లగా ఉంటే పలుచన. పొడి నలుపైతే చిక్కన. సీసం లేని పెట్రోలులో ఈ రంగు కూడా పూర్వమంత స్పష్టంగా రాదు, కొంచెం లేతగానే ఉంటుంది.

శబ్దం

అనుభవజ్ఞుడైన మెకానిక్కు పొగను చూడకముందే శబ్దాన్ని వింటాడు. చిక్కని మిశ్రమంతో బుల్లెట్ ఐడిల్‌లో కుంటుతున్న గుర్రం వలె తడబడుతూ కొట్టుకుంటుంది, శబ్దం మందంగా ఉంటుంది. యాక్సిలరేటరు తిప్పినప్పుడు బరువుగా, ఆలస్యంగా లేస్తుంది. పలుచని మిశ్రమంతో శబ్దం పదునుగా, పొడిగా ఉంటుంది. యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పితే ఇంజను ఊపిరి ఆగినట్లు ఒక క్షణం తడుముకొని, కొన్నిసార్లు కార్బొరేటరు నోటి నుండే తుమ్ముతుంది. దిగువకు పోతూ యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సరులో టపటపమని పేలుళ్ళు వినిపిస్తే ఐడిల్ మార్గం పలుచబడి ఉండవచ్చును. అయితే సిలిండరు హెడ్డు వద్ద గొట్టం జాయింటు వదులై బయటిగాలి లోపలికి పోయినా ఇవే పేలుళ్ళు వస్తాయి. స్క్రూ తిప్పేముందు జాయింటు బిగించి చూడవలెను.

రెండు స్ట్రోకుల బండిలో మరొక విశేషం కలదు. ఇది ప్రతి చుట్టుకూ ఒకసారి మండవలసిన ఇంజను. మిశ్రమం బాగా చిక్కబడినప్పుడు ఒక చుట్టు మండి, మరొక చుట్టు మండక వదిలివేస్తుంది. అప్పుడు శబ్దం సగానికి తగ్గి నాలుగు స్ట్రోకుల బండి వలె వినిపిస్తుంది. దీనినే "ఫోర్ స్ట్రోకింగ్" అంటారు. జావాను పూర్తి వేగంలో నడిపి, యాక్సిలరేటరును రవ్వంత వెనుకకు తిప్పగానే ఈ శబ్దం లీలగా వినిపిస్తే మెయిన్ జెట్టు సురక్షితంగా ఉన్నట్లే. ఎక్కడా వినిపించకపోతే అనుమానించవలెను.

రెండు స్ట్రోకుల చిక్కు

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లలో నూనెను పెట్రోలులోనే కలుపుతారు. లీటరుకు 40 నుండి 50 మి.లీ. వరకు కలపటం ఆ తరం బండ్ల అలవాటు. కనుక కొంత నీలిపొగ సహజం. పొగ ఎక్కువగా ఉన్నదని మిశ్రమం చిక్కగా ఉన్నదనుకొనరాదు. నిజానికి ఇంజను మంచికని నూనె పాలు పెంచితే పొగ పెరుగుతుంది గాని, జెట్టు గుండా పోయే ద్రవంలో పెట్రోలు తగ్గటం వలన మిశ్రమం పలుచబడుతుంది! కంటికి కనిపించేదానికి, సిలిండరులో జరిగేదానికి ఇక్కడ పూర్తి వైరుధ్యం. నూనె మార్పు స్వల్పమైతే తేడా కూడా స్వల్పమే కాని, "ఇంకాస్త పోయండి" అనే అలవాటు ఉన్నచోట ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

వాసన కూడా ఇక్కడ మోసగించగలదు. ఈ ఇంజన్లలో కొత్త మిశ్రమమే పాత పొగను బయటకు నెట్టవలసి ఉంటుంది. ఆ క్రమంలో గణనీయమైన భాగం కాలకుండానే గొట్టంలోకి జారిపోతుంది. మిశ్రమం సరిగా ఉన్నా పచ్చి పెట్రోలు వాసన వస్తూనే ఉంటుంది.

క్రాంకు ఆయిల్ సీళ్ళు మరొక చిక్కు తెచ్చిపెడతాయి. క్లచ్ వైపు సీలు చెడితే గేరు నూనె క్రాంకు గదిలోకి పీల్చబడి, ఎంతకూ తగ్గని దట్టమైన తెల్లపొగ వస్తుంది. డైనమో వైపు సీలు చెడితే పొగ పెరగదు, దానికి బదులు బయటిగాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది. మొదటిది చూసేవారికి భయం కలిగిస్తుంది, రెండవది ఇంజనును పాడుచేస్తుంది. యాక్సిలరేటరు పూర్తిగా మూసినా ఇంజను వేగం వెంటనే తగ్గక కొంతసేపు పైనే తిరగటం ఈ గాలి చొరబాటుకు ముఖ్య లక్షణం.

ఎత్తు, ఎండ, దుమ్ము

ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 345 మీటర్ల ఎత్తున, హిందూపురం సుమారు 621 మీటర్ల ఎత్తున ఉన్నవి. పైకి పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. కార్బొరేటరు మాత్రం దాదాపు అంతే పెట్రోలు ఇస్తుంది. కనుక ధర్మవరంలో సరిచేసిన బండి పెనుకొండ మీదుగా హిందూపురం చేరేసరికి కొంత చిక్కబడవలెను. లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎంతో కాదు. 276 మీటర్ల ఎత్తుకు గాలి సాంద్రత సుమారు రెండున్నర శాతం తగ్గుతుంది. మిశ్రమంలో మార్పు సాంద్రత వర్గమూలాన్ని అనుసరిస్తుంది గనుక అది ఒకటిన్నర శాతానికి లోపే. ఎవరి చెవికీ, ముక్కుకూ ఇది అందదు.

ఎండ ప్రభావం ఇంతకంటె ఎక్కువ. 15 డిగ్రీల డిసెంబరు ఉదయానికి, 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నానికి మధ్య గాలి సాంద్రత 8 శాతం వరకు తగ్గి, మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. అనగా ఒకే ఊరిలో ఋతువు మారితే వచ్చే తేడా, ధర్మవరం నుండి హిందూపురం ప్రయాణపు తేడాకు మూడు రెట్లు. మే నెలలో "పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అని సన్నని జెట్టు వేయించుకున్న బండి డిసెంబరులో ప్రమాదంలో పడేది ఇందువలననే.

వర్షపాతం తక్కువైన ఈ ప్రాంతంలో దుమ్ము ఎక్కువ. గాలి వడపోత మూసుకుపోతే మిశ్రమం చిక్కబడి నల్లపొగ వస్తుంది. జెట్టు మార్చటం కాక వడపోత శుభ్రపరచటమే దీనికి మందు. వడపోతను తీసివేసి నడిపితే పలుచబడటమే గాక, ఆ దుమ్మే బోరును సానబడుతుంది.

ఇథనాల్ వచ్చిన తరువాత

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో ప్రారంభించారు. 2025 నాటికి దేశవ్యాప్తంగా 20 శాతం మిశ్రమ లక్ష్యం చేరినట్లు ప్రభుత్వం ప్రకటించింది. పాత బండ్ల విషయంలో సీసం తొలగింపు తరువాత ఇదే పెద్ద మార్పు. ఇథనాల్‌లోనే కొంత ప్రాణవాయువు ఉన్నందున అది మండడానికి తక్కువ గాలి చాలును: బరువు ప్రకారం ఒక పాలుకు 9 పాళ్ళు. 20 శాతం ఇథనాల్ గల పెట్రోలుకు 14.7 బదులు సుమారు 13.5 పాళ్ళు సరిపోతాయి. కార్బొరేటరుకు ఈ సంగతి తెలియదు, పూర్వపు పాళ్ళలోనే గాలిని పంపుతుంది. ఫలితంగా బండిలో ఏమీ మార్చకుండానే మిశ్రమం 7 నుండి 8 శాతం పలుచబడుతుంది. ఎండ వలన కలిగే మార్పుకు ఇది దాదాపు రెట్టింపు, దిశ మాత్రం వ్యతిరేకం. ఎండాకాలంలో రెండూ కొంత సరిపెట్టుకుంటాయి. చలికాలపు ఉదయం సరిపెట్టేది ఏదీ లేదు.

ఎగ్జాస్టులో దీని లక్షణాలు: మసి తగ్గి గొట్టం శుభ్రపడటం, ప్లగ్గు తెల్లబడటం, యాక్సిలరేటరు వదిలినప్పుడు పేలుళ్ళు, సిలిండరు దగ్గర క్రోమియం గొట్టం నీలం రంగుకు తిరగటం. ఇంతకుముందు కొంచెం చిక్కగా నడుస్తున్న బండికి ఈ పెట్రోలుతో పొగ తగ్గి మేలు జరిగినట్లు కనిపించవచ్చును. అప్పటికే పలుచగా నడుస్తున్నదానికి మాత్రం మెయిన్ జెట్టు ఒకటి రెండు సంఖ్యలు పెద్దది వేయటం, సూదిని ఒక గాడి పైకి లేపటం అవసరమవుతుంది. ఇథనాల్ పాత రబ్బరు భాగాలను మెత్తబరచగలదు, తేమను పీల్చుకొని ట్యాంకు తుప్పుకు దోహదం చేయగలదు. ఆ తుప్పు రేణువులు జెట్టులో అడ్డుపడినా పర్యవసానం పలుచని మిశ్రమమే.

పరీక్షించే విధానం

మొదట బండిని పది పదిహేను నిమిషాలు నడిపి బాగా వేడెక్కనివ్వాలి. చల్లని ఇంజను పొగ ఏమీ చెప్పదు. చోక్ పూర్తిగా మూసి ఉన్నదో లేదో చూడవలెను. ప్లగ్గు, పాయింట్లు, టైమింగు, ట్యాపెట్లు ముందే సరిచూడాలి. బలహీనమైన నిప్పురవ్వ కూడా ప్లగ్గును నల్లబరుస్తుంది, ఆలస్యమైన టైమింగు కూడా గొట్టాన్ని నీలంగా మారుస్తుంది. ఆ రెంటి నిందా కార్బొరేటరు మీద పడుతుంది.

కార్బొరేటరులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తుందో తెలియక దేనిని తిప్పినా ప్రయోజనం లేదు. యాక్సిలరేటరు ఎనిమిదో వంతు తెరిచే వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడి నుండి పావు వంతు వరకు స్లయిడు అంచు కోత. పావు నుండి ముప్పావు వరకు సూది. ఆ పైన మెయిన్ జెట్టు. ఈ హద్దులు కచ్చితమైనవి కావు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. బుల్లెట్‌కు వాడిన మిక్‌కార్బ్‌లో ఎయిర్ స్క్రూను లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, బయటకు తిప్పితే పలుచబడుతుంది. ఇంజను అతి వేగంగా, నిలకడగా ఆడేచోట దానిని ఆపవలెను. సాధారణంగా అది పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనుకకు తిప్పిన చోటికి దగ్గరగా ఉంటుంది.

మెయిన్ జెట్టును నిలబడిన బండిపై పరీక్షించటం సాధ్యం కాదు. వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద టాప్ గేరులో పూర్తి యాక్సిలరేటరుతో కొంతదూరం పోయి, అదే స్థితిలో క్లచ్ నొక్కి ఇంజనును ఆపివేసి, బండిని పక్కకు తీసి ప్లగ్గు విప్పి చూడవలెను. ఐడిల్‌లో కొంతసేపు ఆడించి తీస్తే కనిపించేది ఐడిల్ రంగే. ఈ పరీక్షకు 44వ జాతీయ రహదారి తగినది కాదు. పెనుకొండ దగ్గర దానిపై లారీల రద్దీ అధికం.

యంత్ర పరీక్షతో పోలిక

కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం కోసం చేసే పరీక్షలో గొట్టంలో గొట్టపు సూది పెట్టి కార్బన్ మోనాక్సైడు శాతాన్ని కొలుస్తారు. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు దీని పరిమితి 4.5 శాతం, కాలని ఇంధనపు పరిమితి పది లక్షలకు 9000 పాళ్ళు. మిశ్రమం 14.7 వద్ద కార్బన్ మోనాక్సైడు ఒక శాతానికి లోపు, 13 వద్ద 4 శాతం దరిదాపు ఉంటుంది కనుక ఈ అంకె మెకానిక్కుకు నిజంగా ఉపయోగపడుతుంది. ధ్రువపత్రం తీసుకొని కాగితం మడిచి పెట్టుకోవటం గాక అందులోని అంకె చదవటం మంచి అలవాటు. అయితే ఈ కొలత ఐడిల్‌లో మాత్రమే జరుగుతుంది. పూర్తి వేగంలో మెయిన్ జెట్టు ఎట్లున్నదో అది చెప్పలేదు. పరీక్షలో నెగ్గిన బండి అదే సాయంత్రం పిస్టను పట్టుకొని ఆగిపోవటంలో వింత లేదు.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019 నుండి పనిచేస్తున్న కియా కర్మాగారంలో తయారయ్యే పెట్రోలు కార్ల ఎగ్జాస్టు గొట్టంలో ప్రాణవాయువును పసిగట్టే సెన్సారు ఉంటుంది. పొగలో మిగిలిన ప్రాణవాయువును బట్టి అది మిశ్రమం చిక్కనో పలుచనో క్షణక్షణం కంప్యూటరుకు తెలుపుతుంది, కంప్యూటరు పెట్రోలును సరిచేస్తుంది. ఇథనాల్ పాలు మారినా అది చాలావరకు సర్దుకొనగలదు. ఎగ్జాస్టును బట్టి మిశ్రమాన్ని తెలుసుకొనటమనే సూత్రం రెండుచోట్లా ఒకటే. పాత బుల్లెట్‌లో ఆ సెన్సారు పని మెకానిక్కు కన్ను, చెవి, వేలు చేయవలసి ఉంటుంది.

జాగ్రత్తలు

కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. మూసిన షెడ్డులో చిక్కని మిశ్రమంతో బండిని ఆడిస్తూ కూర్చొనటం ప్రాణాంతకం కాగలదు. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే బయటిగాలిలోకి రావలెను. ముక్కును గొట్టం దగ్గర పెట్టి వాసన చూడరాదు. రెండు మూడడుగుల దూరం నుండి చేతితో విసురుకొని చూస్తే చాలును. నూలు చీరలు, పట్టు మగ్గాలు ఉండే ధర్మవరం ఇరుకు వీధులలో ఇంటి ముంగిట బండిని చాలాసేపు ఆడించటం ఇంటిలోనివారికి కూడా హానికరం. వేడి ప్లగ్గును అల్యూమినియం హెడ్డు నుండి బలవంతంగా విప్పితే మరలు పోతాయి. రోడ్డు పరీక్షకు పోయేవారు సరియైన ప్లగ్ స్పానరును, ఒక కొత్త ప్లగ్గును వెంట తీసుకొనిపోవలెను.